వాసన లేదు అని సంతకం

మా మేకల పరిశోధన కేంద్రంలో అత్తరు బాబాయి ఎవరో తెలియనివాడు ఒక్కడే ఉండేవాడు. అది అత్తరు బాబాయే. ఎదురుగా ఉన్నంతసేపూ అందరం ఉత్త ‘బాబాయ్’ అనేవాళ్లం. ఆయన గుమ్మం దాటాక ముందుమాట తగిలించేవాళ్లం.

ఆయన ఉద్యోగం మేకపోతుని చూసుకోవడం. ముప్పై ఏళ్లుగా అదే పని. పోతులు మారాయి, డైరెక్టర్లు మారారు, షెడ్డు పైకప్పు రెండుసార్లు మారింది, ఆయన మారలేదు. మేకపోతు సంగతి తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. మదం మీద ఉన్న రోజుల్లో అది తన గడ్డం మీద, ముంగాళ్ల మీద తనే ఉచ్చపోసుకుంటుంది. కొమ్ముల వెనకాల వెంట్రుకల్లోంచి ఇంకో వాసన ఊరుతుంది. రెండూ కలిస్తే ఆడమేకలకి స్వర్గం. మనుషుల సంగతి వేరు. నేను ఇక్కడ చేరిన మొదటి రోజు మధ్యాహ్నం భోజనం డబ్బా మూతయినా తీయకుండా ఇంటికి పట్టుకుపోయాను. ఆ వాసన చేతికి అంటితే సబ్బుకి లొంగదు, బట్టకి అంటితే ఎండకి లొంగదు. ఇక ముప్పై ఏళ్లు ఒంటికి అంటితే చెప్పేదేముంది!

బాబాయి ముక్కు ఎప్పుడో పోయింది. సగం అలవాటుకి పోయింది, మిగతా సగం ఏడెనిమిదేళ్ల కిందట వచ్చిన జ్వరానికి పోయింది. పాలు విరిగినా తెలియదు, పొయ్యి మీద గిన్నె మాడినా తెలియదు. అందుకని లోకం మీద ఆయనకి చాలా మంచి అభిప్రాయం ఉండేది.

“మనుషులు చెడిపోయారంటారు గానీ అబ్బాయ్,” అనేవాడు నాతో. నాకు యాభై నిండాయి, ఆయనకి యాభై ఎనిమిది. అయినా నేను అబ్బాయినే. “నాకు బస్సులో సీటు దొరకని రోజు లేదు. ఎక్కగానే లేచిపోతారు. కాలేజీ పిల్లలు కూడా! పక్క సీటు కూడా ఖాళీ చేసి ఇస్తారు, సంచీ పెట్టుకోమని.”

“నీ మొహంలో ఏదో పెద్దరికం ఉంది బాబాయ్,” అనేవాణ్ణి.

“అదే మా ఆవిడా అంటుంది.”

ఆవిడ, అంటే మా అందరికీ పిన్ని, చాలా అనేది. ఆయన సాయంత్రం ఇంటికెళ్లి ఒళ్లు రుద్దుకుని వచ్చి “ఏవే, వాసనేమైనా ఉందా?” అని అడిగితే, “ఛ, మీ దగ్గర వాసనేమిటండీ, సబ్బు వాసన తప్ప,” అనేదట. ఈ సంగతి ఆయన పొంగిపోతూ చెప్పేవాడు. ఆ వెంటనే ఫిర్యాదు కూడా చేసేవాడు. “ఒక్కటే బాధ. మా ఆవిడది వేడి ఒళ్లు. చలికాలం పళ్లు టకటకలాడుతున్నా సరే, కిటికీ బార్లా తీసి, మంచం దాని కిందకి లాక్కుని పడుకుంటుంది. నేనేమో ఈ గోడ పక్కన ముడుచుకుని చస్తాను.”

మేం తలలు వంచుకుని టీ ఊదుకునేవాళ్లం, చల్లారిపోయిన టీని కూడా.

ఇలా తలలు వంచుకోవడం మాకు ఒక ఫొటో నేర్పింది. స్టోర్‌కీపర్ రిటైరైనప్పుడు అందరం వరండా మెట్ల మీద నిలబడి తీయించుకున్నాం. ఆడవాళ్లు కూడా వచ్చారు ఆ రోజు. ఫొటోగ్రాఫర్ దగ్గరికి జరగమన్నాడు, జరిగాం. జరిగిన ప్రతిసారీ బాబాయి ఉన్న వైపు నుంచి ఇటువైపుకే జరిగాం, ఎవరికి వాళ్లం, కావాలని కాదు. ఫొటో వచ్చాక చూస్తే ఇరవై మంది ఒక ముద్ద, ఇద్దరు పట్టేంత ఖాళీ, ఆ పక్కన బాబాయి ఒక్కడూ నవ్వుతూ. దాన్ని అలాగే ఫ్రేము కట్టించి వరండాలో తగిలించారు. ఓసారి పిన్ని ఆయన మర్చిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి వచ్చి దాని ముందు నిలబడింది. చాలాసేపు నిలబడింది. కొంగుతో అద్దం తుడిచింది, అద్దం మీద ఏదో మరక ఉన్నట్టు. కళ్లజోడు నా చేతిలో పెట్టి, ఆయన్ని చూడకుండానే వెళ్లిపోయింది.

మర్నాడు ఆ ఫొటో గోడ మీద లేదు. అద్దం పగిలిందని బాబాయికి చెప్పాం. ఆ రోజే, ఎవరూ మీటింగు పెట్టకుండానే, మా అందరి మధ్యా ఒక ఒప్పందం కుదిరింది: బాబాయి వాసన గురించి ఆయన చెవిన ఎవరూ వేయకూడదు. చచ్చినా వేయకూడదు. ఆయన అడిగితే లేదనాలి. మా కేంద్రంలో ఏ ఉత్తర్వూ అంత నిక్కచ్చిగా అమలు కాలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మంచితనమే చివరికి ఇరవై నాలుగు మేకల్ని లారీ ఎక్కించింది.

పైనుంచి ఉత్తరం వచ్చింది, మేకల విభాగం దండగ, ఎత్తేస్తాం అని. మా డాక్టరమ్మ వెళ్లి పోట్లాడి ఒక్క ఏడాది గడువు తెచ్చింది. ముప్పై అయిదేళ్ల పిల్ల, ఎప్పుడూ పెన్ను మూత నములుతూ ఉండేది. ఈ ఏడాది ఆవిడ తలపెట్టిన పరిశోధన నెగ్గితే మంద ఉంటుంది. లేకపోతే మమ్మల్ని గేదెల విభాగానికి పంపిస్తారు. మేకల్ని వేలం వేస్తారు. వేలానికి వచ్చేది ఎవరో, ఏ కత్తి పట్టుకుని వస్తారో మాకు తెలియనిది కాదు.

మాకు అవి చెవి బిళ్ల మీద అంకెలు. బాబాయికి కూతుళ్లు. పోతుని ఆయన ‘అల్లుడుగారు’ అనేవాడు. కూతుళ్లందరికీ పేర్లున్నాయి. పదిహేడో నంబరు అందరిలోకీ పెద్దది. తొమ్మిదేళ్లది, ఒక కన్ను పొర కమ్మింది, పేరు అక్కయ్య. తల్లి ఈనుతూనే పోతే బాబాయి దాన్ని చొక్కాలో పెట్టుకుని సీసా పాలతో పెంచాడు. అక్కయ్య మూతి పెట్టందే మిగతావి తొట్టి ముట్టుకునేవి కావు. “పెత్తనం చూడు, అచ్చం మా ఆవిడే,” అనేవాడు మురిసిపోతూ.

పరిశోధన ఏమిటో డాక్టరమ్మ మాకు బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పింది. బాబాయి దాన్ని తన మాటల్లో పెట్టి, గేటు దగ్గర వాచ్‌మన్‌కి చెబుతుంటే నేను విన్నాను. ఇప్పటికీ నాకు ఆ పాఠమే గుర్తుంది.

“మేక తలకాయలో ఒక ఆఫీసు ఉంటుందయ్యా. దాని కింద అండాశయం. పైనుంచి ఆర్డరు వస్తేనే అది గుడ్డు తయారు చేస్తుంది. పగళ్లు పొడుగవుతున్నాయనుకో, పై ఆఫీసుకి సెలవులు. ఆర్డర్లు రావు. అండాశయం ముసుగుతన్ని పడుకుంటుంది. నెలలకి నెలలు మేక ఎదకి రాదు. పడుకున్న మేకకి అల్లుడి వాసన తగిలిందనుకో... నిన్న మొన్నటి వాసన కాదు, ఎన్నో రోజులుగా తగలని వాసన ఒక్కసారి తగలాలి... పై ఆఫీసులో అందరూ ఉలిక్కిపడి లేచి టకటకా ఆర్డర్లు కొట్టేస్తారు. రెండు మూడు రోజుల్లో గుడ్డు దిగిపోతుంది.”

“ఉత్త వాసనకేనా?”

“ఉత్త వాసనకే! మిగతా చోట్ల లోపల మందు స్పాంజీలు పెట్టి, ఇంజెక్షన్లు పొడిచి లేపుతున్నారు. మా అమ్మాయిగారు ఏ మందూ లేకుండా లేపుతానంటోంది.”

దానికి షరతు ఒక్కటే. రెండు నెలలపాటు ఇరవై నాలుగు మేకలకీ పోతు కనబడకూడదు, వినబడకూడదు, దాని గాలి సోకకూడదు. ఆ తరవాత ఒక రోజు పన్నెండింటిని వేరే చోటికి మార్చి పోతుని వదలాలి. అవి మేలుకుని, మిగిలిన పన్నెండూ అలాగే నిద్రపోతుంటే ఆవిడ నెగ్గినట్టు. అందుకని మందనంతా కాంపౌండ్ రెండో కొసన, అర కిలోమీటరు అవతల, గాలి ఎదురుగా రాని దూరం షెడ్డుకి తరలించాం.

బాబాయిని మేకల దగ్గరికి పంపొద్దని, ఇంకెవర్నైనా పెట్టమని డైరెక్టరు అన్నాడు. ఆయన మంచి మాటే అన్నాడు. అయితే అక్కయ్య ఇంకెవరి చేతి మేతా ముట్టలేదు. అది ముట్టకపోతే మిగతావీ ముట్టలేదు. మూడు రోజులు చూసి డాక్టరమ్మ దిగొచ్చింది. పోతు పని ఇంకొకరికి అప్పగించి, బాబాయికి నియమాలు రాసి ఇచ్చింది. పొద్దున్నే గేటు దగ్గర స్నానం. వేరే బట్టలు, వేరే బూట్లు. ఆఖరిగా ఒకరు ఆయన్ని వాసన చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలి.

ఆ ఒకరిని నేను. లాబ్‌లో రక్తపరీక్షలు చేసేవాణ్ణి గనక నా ముక్కు మీద ఆవిడకి నమ్మకం.

రోజూ ఎనిమిదింటికి బాబాయి తల తడిగా, బడికి తయారైన పిల్లాడిలా నా బల్ల ముందు నిలబడేవాడు. చేయి చాపేవాడు, మెడ వంచేవాడు. “గట్టిగా చూడు అబ్బాయ్. మొహమాటపడకు. నా ముక్కు నువ్వే. పిల్లల ప్రాణాలు.”

నేను వంగి చూసేవాణ్ణి. సబ్బు కింద, చర్మం కింద, ఎక్కడో లోతుగా పాత బావిలోంచి వచ్చినట్టు పోతు ఉండేది. ఎప్పుడూ ఉండేదే. ఆయన కళ్లు నా మొహం మీద. వరండాలో మేకు ఒక్కటే మిగిలిన గోడ నాకు కనబడేది.

“ఏం లేదు బాబాయ్.”

వాసన లేదు. సంతకం. తేదీ.

మొదటి వారం గిలగిల్లాడాను. తరవాత లాబ్ ఫలితాలు వచ్చి నన్ను ఒడ్డున పడేశాయి. వారానికి రెండుసార్లు మేకల మెడ నరం నుంచి రక్తం తీసేవాళ్లం. బాబాయి మోకాళ్ల మధ్య పట్టుకుని కబుర్లు చెబుతుంటే, అవి సూది సంగతే మర్చిపోయేవి. ఆ రక్తాన్ని తిప్పి, పైన తేలిన పల్చటి నీరు తీసి దాచి, పదిహేను రోజులకోసారి అన్నీ కలిపి పరీక్ష పెట్టేవాణ్ణి. గుడ్డు దిగిపోయిన చోట అండాశయం మీద పసుప్పచ్చని ముద్ద ఒకటి మిగులుతుంది. అది ఒక హార్మోనును ఊరిస్తుంది. రక్తంలో ఆ హార్మోను ఉంటే మేక మేలుకుందని అర్థం. పరీక్ష పలక మీద గుంటల్లో రంగు ఎంత చిక్కబడితే హార్మోను అంత తక్కువ. మొదటి నెలంతా పలక మీద గుంటలన్నీ చిక్కటి పసుపు. మేకలన్నీ గాఢ నిద్రలో ఉన్నాయి. బాబాయి ఒంటి వాసన వాటి నిద్ర చెడగొట్టడానికి చాలడం లేదన్నమాట. నా అబద్ధం ఎవరికీ అపకారం చేయని అబద్ధమని రుజువైనట్టు, ఆ రోజు నుంచి నిశ్చింతగా సంతకాలు పెట్టాను. తరవాత తరవాత వంగడం కూడా మానేశాను.

అయిదో వారంలో చలి వెనక్కి తిరిగింది. మూడు రోజులు ఒకటే వాన, ఈదురుగాలి. రక్తం తీయడానికి దూరం షెడ్డుకి వెళ్లేసరికి మూల గడ్డిలో అక్కయ్య పడుకుని ఉంది. దాని మీద ఒక మందపాటి రగ్గు. బాబాయి పక్కన కూర్చుని దాని చెవులు రుద్దుతున్నాడు.

“రాత్రంతా వణికింది,” అన్నాడు. “మేత ముట్టలేదు. నా అల్మారాలో రగ్గు ఉంటే తెచ్చాను.”

గుమ్మంలోనే నాకు కొట్టింది. బాబాయి ఒంటిది కాదు అది. అది సాక్షాత్తూ అల్లుడుగారు. కిందటేడు పోతుకి నిమ్ము చేసినప్పుడు పది రోజులు దాని ఒంటి మీద కప్పిన రగ్గు.

బాబాయి నా మొహం చూశాడు. “అల్లుడిదే. మూడుసార్లు ఉడకబెట్టి ఉతికానులే. నాకెలాగూ తెలీదు గదా. నువ్వు చూసి చెప్పు. ఉందా?”

రగ్గు అంచు ఎత్తి నా వైపు చాపాడు. చేతులు వానకి నానిపోయి ముడతలు పడి ఉన్నాయి. ఆ ఒక్క మాటలో ఏముందో ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. అడిగితే లేదనాలి. ఏళ్ల తరబడి నా నాలుక అదే దారిలో నడిచింది. ఆలోచించేలోపే నడిచిపోయింది.

“లేదు బాబాయ్. సబ్బు వాసనే.”

“హమ్మయ్య,” అని రగ్గు అక్కయ్య మెడ దాకా లాగి, దాని పొర కమ్మిన కంటి దగ్గర పుసి తుడిచాడు. నేను రక్తం తీసుకుని వచ్చేశాను. దారిలో వెనక్కి వెళ్దామనుకున్నాను. వెళ్లి ఏమనాలి? ఇప్పుడు ఉందంటే ఇన్నాళ్లూ లేదన్నవి ఏమయ్యాయని అడగడూ? ఉతికిన రగ్గే కదా, అంత చలిలో మేకలకి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ముక్కుతో బతికే జంతువు గురించి, ముక్కుకి జీతం తీసుకుంటున్న నేను అనుకున్న మాట అది.

అక్కయ్య మూడు రోజుల్లో లేచింది. రగ్గు అల్మారాకి వెళ్లిపోయింది. మొదట తొట్టి దగ్గరికి అదే నడిచింది, మిగతావి దాని వెనక. బాబాయి ఆ రోజు అందరికీ టీ ఇప్పించాడు.

ఏడో వారం చివర పరీక్ష పెట్టాను. పలక మీద ఆఖరి మందు పడగానే రంగులు తేలాయి. పదిహేడో నంబరు గుంటలు వెలవెలబోయి ఉన్నాయి. కడిగేటప్పుడు పొరపాటు చేశానేమోనని మళ్లీ పెట్టాను. మళ్లీ వెలవెలబోయాయి. దాని తరవాత పక్క మేకలవి, ఆ తరవాత వాటి పక్కవి. మొత్తం పందొమ్మిది.

డాక్టరమ్మ అంకెల్ని గీతగా గీసుకుంది. ముందు ఒక చిన్న మిట్ట, అయిదు రోజులు. మళ్లీ నేల. మళ్లీ పెద్ద కొండ. నములుతున్న పెన్ను మూత నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టింది.

“ఇది కాలం మారి వచ్చింది కాదండీ,” అంది నెమ్మదిగా. “మొదట పొట్టి మిట్ట, తరవాత కొండ. పోతు తగిలితే ఇలా వస్తుంది. ముందు పదిహేడుకి. అది లేచాక దాన్ని చూసి మిగతావి.”

బాబాయిని పిలిచింది. ఆయన గుమ్మంలోనే చేతులు జోడించాడు.

“అమ్మా, మా ఆవిడ మీద ఒట్టు. అల్లుడి దిక్కు కన్నెత్తి చూడలేదు. స్నానం ఒక్కరోజు ఎగ్గొట్టలేదు. అబ్బాయిని అడగండి, రోజూ చూసి సంతకం పెట్టాడు.”

ఆవిడ రిజిస్టరు తిప్పింది. నలభై చిల్లర సంతకాలు, అన్నీ గుండ్రంగా, అందంగా. “చూశారా రోజూ?” అని అడిగింది నన్ను.

“చూశాను.”

“ఒక్కటి మాత్రం చెప్పాలమ్మా,” అన్నాడు బాబాయి. “దానికి జబ్బు చేస్తే రగ్గు కప్పాను, అల్లుడిదే. కానీ ఉడకబెట్టిందే. అదీ అబ్బాయి చూశాడు. వాసన లేదన్నాడు.”

“తీసుకురండి.”

తెచ్చాడు. ఆవిడ రగ్గుని రెండు చేతుల్తో ఎత్తి మొహం దగ్గర పెట్టుకుంది. నేను నేల వైపు చూస్తున్నాను. తలెత్తితే ఆవిడ నా వైపే చూస్తోంది. కోపం ఉంటే బాగుండేది. ఆవిడ కూడా ఆ ఒప్పందంలో మనిషే. ఫొటో గోడ మీంచి తీసిన చేతులు ఆవిడవే.

“ఉందా అమ్మా?” అన్నాడు బాబాయి.

ఆవిడ రగ్గుని నాలుగు మడతలు పెట్టింది. అంచులు సరిగ్గా కలిపి, అరచేత్తో సాఫు చేసింది.

“లేదు బాబాయ్,” అంది.

రిపోర్టులో కారణం తెలియదని రాసింది. కారణం తెలియకుండా మేకలు వాటంతటవే లేస్తాయంటే ఇక ఆ పద్ధతి దేనికి పనికొస్తుందని పైవాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మళ్లీ మొదలుపెడదామంటే మేలుకున్న మేకల్ని నిద్రపుచ్చి, రెండు నెలలు ఆగేసరికి పగళ్లు చిన్నవైపోతాయి. అప్పుడు ఏ వాసనా లేకుండానే అవి ఎదకి వస్తాయి. అంటే వచ్చే ఏడాది దాకా ఆగాలి. పైవాళ్లు ఆగలేదు. నేను వెళ్లి “ఆ సంతకాలు అబద్ధం” అని ఉంటే ఆగేవాళ్లేమో. చెప్పడానికి రెండుసార్లు డైరెక్టరు గది దాకా వెళ్లాను. రెండోసారి తలుపు కూడా తట్టాను. లోపలికి రమ్మంటే, సెలవు చీటీ ఇచ్చి వచ్చాను.

లారీ మళ్లీ చలికాలం మొదలయ్యాక వచ్చింది, పగలే, పదకొండింటికి. ఎక్కనంటే ఎక్కనని మంద మొరాయించింది. లోడింగువాళ్లు కర్రలు తీశారు. బాబాయి వాళ్లని ఆపి, “అది ఎక్కితే ఎక్కుతాయి” అని అక్కయ్య మెడ పట్టుకుని పలక మీదుగా తనే నడిపించాడు. నమ్మి నడిచింది. దాని వెనక మిగతా ఇరవై మూడూ ఒక్క దెబ్బ పడకుండా ఎక్కేశాయి.

“ఇంత బుద్ధిగా ఎక్కే మేకల్ని ఎక్కడా చూళ్లేదు సార్,” అన్నాడు లారీ డ్రైవరు మెచ్చుకోలుగా.

అప్పటినుంచి బాబాయికి ఒకటే పట్టుకుంది. పోతు ఎలా వచ్చింది? ఎవరిదో మేకపోతు ఎక్కణ్ణుంచో దూరి ఉంటుంది. కంచెలో కన్నం ఉండి ఉంటుంది. మమ్మల్ని గేదెల విభాగంలో వేసినా, తీరిక దొరికితే చాలు దూరం షెడ్డు చుట్టూ కంచె పట్టుకుని తిరిగేవాడు. వంగి, తీగ తీగనీ వేళ్లతో తడిమి, మట్టిలో గిట్టల గుర్తులు వెతికేవాడు. వారం, రెండు వారాలు, నెల. నడుం పట్టేసినా మోకాళ్ల మీద పాకాడు.

ఒక సాయంత్రం ఇక చూడలేక వెళ్లాను. ఆయన కంచె మూల దగ్గర కూర్చుని, పిల్లి కూడా దూరలేని సందులో చేయి పెట్టి కొలుస్తున్నాడు.

“ఇక్కణ్ణుంచి వచ్చి ఉంటుందంటావా?”

“బాబాయ్, కన్నం లేదు.”

“ఏదో ఉంటుంది. గాల్లోంచి ఊడిపడదు గదా.”

“రగ్గు వాసన వచ్చింది.”

చేయి సందులోనే ఉండిపోయింది. “ఏ రగ్గు?”

“అక్కయ్యకి కప్పింది. గుమ్మంలోకే వచ్చింది. నీ మొహం చూసి లేదన్నాను.”

“అమ్మాయిగారు కూడా చూశారుగా. లేదన్నారుగా.”

ఆయన చేయి బయటికి తీసుకుని, గీసుకున్న చోట నెత్తురు చొక్కాకి తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను.

“రోజూ చూసేవాడివి గదా, నన్ను. అప్పుడు?”

నేను కంచె తీగ మీది తుప్పు గోటితో గీకాను.

“అప్పుడు కూడానా?”

తలూపాను. ఆయన కంచెకి ఆనుకున్నాడు. తరవాత ఒక్కొక్కటే, అల్మారాలోంచి పాత సామాన్లు తీస్తున్నట్టు బయటికి తీశాడు.

“అయితే ఆ ఫొటో అద్దం పగల్లేదన్నమాట.”

“లేదు బాబాయ్.”

“బస్సులో...” అని ఆగాడు. కాస్త నవ్వబోయినట్టున్నాడు, రాలేదు. తరవాత చాలా చిన్నగా అన్నాడు. “మా ఆవిడది వేడి ఒళ్లు కాదన్నమాట.”

లేచి, మోకాళ్లకంటిన మట్టి దులుపుకోకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు బస్సు కిటికీలోంచి ఆయన్ని చూశాను. రోడ్డు అంచున నడుస్తున్నాడు. ఎరిగిన డ్రైవరు గనక పక్కన ఆపి హారన్ కొట్టాడు. బాబాయి చేయి ఊపి వెళ్లిపొమ్మన్నాడు. ఆరు కిలోమీటర్లు. అప్పట్నించీ రోజూ నడకే. టీ వేళకి పిలిస్తే వస్తాడు. వచ్చి, కుర్చీ తనే ఎత్తుకుని వరండా రెండో కొసకి తీసుకెళ్లి, సరిగ్గా ఇద్దరు పట్టేంత ఖాళీ వదిలి కూర్చుంటాడు. దగ్గరికి జరగమంటే వినడు. మేం జరిగితే లేచిపోతాడు.

పది రోజుల కిందట పిన్ని ఫోన్ చేసింది.

“ఆఫీసులో ఏం జరిగింది బాబూ? ఈయన మంచం వసారాలో వేసుకున్నారు. చలిలో! నేను కిటికీ మూసేశాను, మేకులు కొట్టి మరీ మూసేశాను. మంచం పక్కకి లాక్కొచ్చాను. లోపలికి రండి అంటే, నీకెందుకే ఇబ్బంది అంటారు. ముప్పై ఏళ్లలో ఆ మాట రానివ్వలేదు బాబూ ఈ ఇంట్లో. కళ్లలో పెట్టుకుని కాపాడుకొచ్చాను. ఎవడో మహానుభావుడు ఒక్క మాటతో...” ముక్కు ఎగబీల్చింది. “ఎవరు బాబూ ఆయనకి చెప్పింది?”

“తెలీదు పిన్నీ,” అన్నాను.